పద్నాలుగు నిమిషాల గ్రామసభ

సోహార్‌ల ఇండియన్ బడి, మూడో అంతస్తు, ఏవీ రూము.
కర్టెన్లు ఇగ్గుడు నా పని.
ప్రొజెక్టర్ మీది దుమ్ము తుడుసుడు,
బిన్సీ టీచర్ తలూపంగనే బటన్ ఒత్తుడు.
బయట నలభై ఆరు డిగ్రీలు.
లోపట చీకట్ల ఎనిమిదో తరగతి బి సెక్షన్,
ముప్పై ఎనిమిది మంది, సివిక్స్.

తెర మీద ఊరు లేస్తది.
బొమ్మల ఊరు. గోడలకు నిన్ననే సున్నమేసినట్టు.
సర్పంచికి మీసాలు, మీసాలకు నవ్వు.
డప్పు చాటింపు వినంగనే అందరొస్తరు,
అందరికీ కుర్చీలుంటయి,
మోరీ కట్టాల్నా అనంగనే
చేతులన్నీ ఒక్కపారే లేస్తయి.
పద్నాలుగు నిమిషాలల్ల మోరీ కట్టుడయిపోతది,
నీళ్లు పారుతయి, మ్యూజిక్ వస్తది.

నేను తలుపు కాడ స్టూలు మీద కూసుంట.
నా పేరు లింబాద్రి.
ఐదేండ్లు ఆరో వార్డు మెంబర్ని.
పదకొండు ఓట్ల మీద గెలిసిన,
అండ్ల ఒకటి మా ఆమెది,
ఏసిందనే అనుకుంట.

మా సభల కుర్చీలు మూడు.
సర్పంచ్‌కు ఒకటి, సెక్రటరీకి ఒకటి,
మూడోదానికి కాలు ఇరిగింది.
మందొస్తలేరని సెక్రటరీ మాపటీలి
రిజిష్టర్ చంకల పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగేటోడు.
బీడీల చాటలు పక్కకు జరిపి
"ఇక్కడ వేలు పెట్టమ్మా."
పొగాకు అంటిన వేళ్లకు సిరా బాగ పట్టేది.
నేనూ పెట్టిన సంతకం. పేజీ ఖాళీగుండె.
"తర్వాత రాసుకుంట లే" అన్నడు.
ఏం రాసిండో ఇప్పటికీ తెల్వది.

గురువారం ఇంకో సినిమా: బిల్లు చట్టమెట్లయితది.
కాయితం చుట్టకు కాళ్లొచ్చి, కండ్లొచ్చి,
మెట్లెక్కి సభలకు పోతది.
ఆడ లొల్లి. మల్ల ఇంకో సభ. మల్ల లొల్లి.
ఆఖరికి సంతకం పడి, మెడల పూలదండ.
"బిల్లు పాసయింది!"

నవ్వొచ్చింది నాకు. ఆపుకోలేకపోయిన.
మా మోరీ పని నేనే పట్టిన.
మూడు లక్షల ఎనభై వేలు మిత్తికి తెచ్చి
సిమెంటు పోసిన, బిల్లు పెట్టిన.
దానికి కాళ్లు రాలే.
మండలాఫీసుల ఏ బీరువల పండుకున్నదో
ఇంకా లేవలే.
అది పాసయితే ఈడ కర్టెన్లెందుకు ఇగ్గుత?

పిల్లలు ఎనుకకు తిరిగిన్రు.
"ఏమైంది లింబాద్రీ?"
"కేబులు లూజున్నది టీచర్."

లైట్లేసినంక ముదస్సిర్ లేసిండు.
తండ్రిది రాయచోటి, వాడు పుట్టుడు సోహార్‌లనే.
"టీచర్, మా వార్డు నంబరెంత?"
మార్కర్ మూత తీసింది టీచర్, మల్ల పెట్టింది.
"ఇక్కడ మనకు వార్డుండదు మోనే."
"మా వే నంబరుంది కదా, మూడువేల నాలుగొందల పదిహేడు."
అది పార్సిలోళ్లకు దారి దొరకనీకి.
ఆ మాట ఎవ్వలూ అనలే. గంట కొట్టిన్రు.

అందరు పోయినా వాడు పోలే.
"ఓటేస్తే వేలు మండుతుందా అంకుల్?"
ఎడమ చెయ్యి పట్టుకున్న. చూపుడు వేలు.
టేబుల్ మీది మార్కర్ తోని
గోరు మీదికెల్లి చర్మం మీదికి నిలువు గీత.
"ఇగో, ఆరో వార్డు. నాకేసినవ్."
"గెలిస్తే నువ్వేం చేస్తావ్?"
ఐదేండ్లల్ల ఒక్కలడగని మాట.

అది బోర్డు మార్కర్ కాదట, పర్మనెంటు.
ఆదివారం వాళ్లమ్మ డైరీల రాసి పంపింది,
పిల్లగానికి అలర్జీ అని,
పనోళ్లు ముట్టుకునుడేందని.
ఆఫీసు రూముల ఒక కాయితం నా ముంగట పెట్టిన్రు.
ఇంగ్లీషు.
"ఊకె పెట్టు సంతకం, ఏం కాదు," అన్నడు క్లర్కు.

కుర్చీ గుంజుకొని కూసున్న.
ఒక్కొక్క ముక్క కూడబలుక్కుంట చదివిన.
తెల్వని మాట కాడ ఆగి అడిగిన.
వాడు గడియారం చూసిండు. మల్ల మొదటికెల్లి చదివిన.
కింద నాలుగు వేళ్ల మందం జాగ ఖాళీగున్నది.
అడ్డంగ గీత కొట్టి,
గీత కింద పెట్టిన సంతకం.